టేపక్క కొలతల పుస్తకం

ఆమెను ఆ వీధిలో పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. మెడలో కొలతల టేపు, చెవి మీద పెన్సిలు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు కాబట్టి అందరికీ ఆమె టేపక్క. నిద్రలో కూడా టేపు తీయదని ఆమె భర్త వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాడు. అది పచ్చి అబద్ధం. నిద్రపోయే ముందు తీసి, చుట్టచుట్టి, తలగడ కింద పెట్టుకుంటుంది.

ముప్పయ్యేళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతోంది. యాభై దాటాక, ఎవరు చెవిలో ఊదారో ఏమో, తన షాపుకి నాలుగు గుమ్మాల అవతల మేడ మీద డ్రాయింగు మాస్టారు నడిపే ఆదివారం క్లాసులో చేరింది. రెండేళ్లలో ఆమెకు పూలకుండీ వేయడం వచ్చింది, కిటికీ వచ్చింది, కిటికీ అవతల వాన కూడా వచ్చింది. అన్నీ అచ్చం మాస్టారు వేసినట్టే వచ్చాయి. చిక్కంతా అక్కడే.

"ఈ బొమ్మ మాస్టారిదేనా? ఆయన చెయ్యి ఎక్కడున్నా ఇట్టే తెలిసిపోతుంది!" అంది ఒకరోజు కొలతలివ్వడానికి వచ్చిన బ్యాంకు మేడమ్, షాపు గోడకు తగిలించిన టేపక్క బొమ్మను మురిపెంగా చూస్తూ. అప్పుడు టేపక్క నోట్లో నాలుగు గుండుసూదులున్నాయి. అవి లేకపోతే ఏమనేదో!

ఆ ఆదివారం మాస్టారూ అదే పాట పాడారు.

"చెయ్యి బాగా తిరిగిందమ్మా. కానీ ఇందులో మీరెక్కడ? ఎటు చూసినా నేనే కనబడుతున్నాను. వచ్చే నెల మన ప్రదర్శన. ఒక గోడ మిగిలింది. ఇది నాది అని మీరు చెప్పుకోగలిగింది ఒక్కటి తెండి, ఆ గోడ మీకిస్తాను. లేదంటే పిల్లల బొమ్మలు పెట్టేస్తాను."

టేపక్కకు ఒళ్లు మండింది. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉందని తెలిసి ఇంకా మండింది.

ఇక చూడాలి ఆ ఇంటి అవస్థ! అట్ట మీద రంగు పూయడం, ఆ రంగు మీద ఏదో ఒకటి అంటించడం, దాని మీద మళ్లీ రంగు పూయడం. ఎండిన టీపొడి అంటించింది. బొత్తాలు అంటించింది. పాత గొడుగు గుడ్డ అంటించింది. భర్త సగం పూరించి దాచుకున్న గళ్లనుడికట్టు కూడా జిగురుకు బలైపోయింది.

"నా నీలం చొక్కా జేబేదే?" అని అడిగాడాయన ఒక పొద్దున, గుండె మీద చతురస్రంగా పడ్డ కంతలోంచి బనీను చూపిస్తూ.

"ఆకాశంలో ఉందండీ."

"ఏ ఆకాశం?"

"ఎడమవైపు, పైన. మేఘం పక్కన."

ఆయన వెళ్లి చూశాడు. నిజంగానే ఉంది. జేబులో ఆయన పెట్టి మరిచిపోయిన బస్సు టికెట్టు కూడా అలాగే ఉంది. పాపం, ఇంకో చొక్కా తొడుక్కున్నాడు.

ఇంత చేసినా, మూడు వారాలకు ఆమె దగ్గర పోగైంది ఆరు అట్టల చెత్త. వాటిలో భర్త కనబడుతున్నాడు, గొడుగు కనబడుతోంది. "నేనెక్కడే!" అని టేపక్క తనను తానే తిట్టుకుంది. ఏడుపొచ్చింది కూడా.

ప్రదర్శనకు ఇంకా రెండే రోజులున్నాయనగా, కాగితం కోసం అటక ఎక్కింది. అక్కడ దొరికాయి పాత కొలతల పుస్తకాలు. ఎన్ని రంగులు కలిపినా రాని పండు గోధుమ రంగు, ఆ కాగితాలకు ఊరికే పట్టేసి ఉంది.

ఈ పుస్తకాల సంగతి కాస్త చెప్పాలి. ముప్పయ్యేళ్లలో ఆమె వీటిని ఒక్క మనిషికి చూపించలేదు. చూపిస్తే వీధిలో ఉండనిస్తారా? ప్రతి కొలత పక్కనా తను మాత్రమే చదువుకోవాలని రాసుకున్న మాటలుంటాయి. కొలత తప్పొచ్చుగానీ ఆ మాటలు తప్పవు. వాటిని బట్టే బట్ట కత్తిరిస్తుంది.

పుటలు చింపింది. వాటి మీద బట్ట కత్తిరించేటప్పుడు కొలతకు పెట్టుకునే కటింగు కాగితాలు అంటించింది, ఒక మెడ, ఒక నడుం పట్టీ, చాచిన ఒక చెయ్యి. అంచుల వెంట మిషను మీద ఎర్రదారం కుట్టు వేసింది. రాతలు కనబడకుండా పైన తెల్లరంగు రెండు పూతలు పూసింది. తడి ఆరకుండానే మాస్టారి మేడకు చేర్చేసింది. మాస్టారు చూసి గోడకు మేకు కొట్టించారు.

ఒక్కటి మరిచిపోయింది. ఆ పుస్తకాలన్నీ రాసింది తడి తగిలితే ఊదారంగుకు తిరిగే పెన్సిలుతో. ముప్పయ్యేళ్లు దాన్ని నాలుక మీద తడిపి రాసిన మనిషికి ఆ సంగతి తెలియదా? తెలుసు. నాలుక రంగే సాక్ష్యం. అయినా మరిచిపోయింది.

ప్రదర్శన రోజు ఆమె భర్తతో కలిసి మెట్లెక్కేసరికి ఆ గోడ ముందు జనం. తెల్లరంగును చీల్చుకుని రాతలన్నీ పైకి తేలాయి, నిగనిగలాడే ఊదారంగులో. చెయ్యి కాగితం పక్కన బ్యాంకు మేడమ్ నిలబడి, కళ్లజోడు సర్దుకుని, పైకే చదువుతోంది.

"బ్యాంకు మేడమ్. నడుము ఇరవయ్యారు. ఊపిరి బిగబట్టింది. రెండంగుళాలు కలపాలి. చెప్పకూడదు."

 కొంప మునిగింది! బొమ్మ మాట దేవుడెరుగు, రేపటి నుంచి షాపు మెట్లు ఎవరెక్కుతారు?

"వెనక ఇంకో గుమ్మం ఉందే, పద," అన్నాడు భర్త మెల్లగా.

"టేపక్కా, ఇలా రా!" అని పిలిచింది మేడమ్.  "అంటే నా నడుము ఎప్పుడూ ఇరవయ్యారు కాదన్నమాట."

"ఇరవయ్యెనిమిదండీ."

"ఇన్నేళ్లూ ఒక్కమాట చెప్పలేదేం?"

"కొత్తది తొడుక్కుని అద్దంలో చూసుకుని నవ్వేవారు కదా మేడమ్. ఆ నవ్వు చెడగొట్టబుద్ధి కాలేదు."

మేడమ్ రెప్ప వేయకుండా చూసింది. తర్వాత పకపకా నవ్వింది, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంతగా. అంతే, మిగతావాళ్లు గోడ మీద పడ్డారు. "ఒసేయ్, 'కుడిచెయ్యి పొడుగు, మాట ఇంకా పొడుగు' అట, ఇది నువ్వే!" అని ఒకళ్లనొకళ్లు పొడుచుకున్నారు. మందుల షాపావిడకు మాత్రం కోపం వచ్చింది. "ఇరవయ్యేళ్లుగా నీ దగ్గరే కుట్టించుకుంటున్నాను. నేను లేనా?" అని నిలదీసింది.

"ఉన్నారండీ, ఆ మెడ కింద. బోర్లా అంటుకుపోయారు," అంది టేపక్క.

మాస్టారు ఒక మూల వంగి చదువుతున్నారు. 'డ్రాయింగు మాస్టారి కోటు. మగవాళ్లది కుట్టనన్నా వినలేదు. ఎడమ భుజం దిగింది. లోపల దూది పెట్టాలి. కనిపెట్టడు.' ఆయన చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ భుజం మీదకు వెళ్లింది.

"మాస్టారూ, ఇది మీ చెయ్యిలా లేదే?" అంది మేడమ్.

"నా చెయ్యి ఎక్కడమ్మా ఇందులో!" అన్నారాయన, ఇంకా భుజం తడుముకుంటూనే.

 ఆ మాట కోసమే కదా టేపక్క ఇంటాయన చొక్కా జేబు కత్తిరించింది!

"అందరం ఉన్నాం," అంది మేడమ్, గోడ నాలుగు మూలలూ వెతికి. "మరి నీ కొలతలేవీ?"

"నావి ఎవరు తీశారు మేడమ్? నాకు నేను కంటితో చూసి కత్తిరించుకుంటాను."

మేడమ్ దగ్గరికొచ్చింది. టేపక్క మెడలోంచి టేపు లాగింది. "చేతులెత్తు," అంది. టేపక్క ఎత్తింది. ముప్పయ్యేళ్లుగా అందరితో తను అన్న మాట అది. చుట్టూ అంతమంది చూస్తుంటే సిగ్గుతో ముడుచుకుపోయింది. మేడమ్ టేపు బిగించి అంకె చూసి, టేపక్క చెవి మీది పెన్సిలు తీసి నాలుక మీద తడిపింది. గోడ దగ్గరికి వెళ్లి, బొమ్మలో కింద మిగిలిన ఖాళీలో రాసింది.

'టేపక్క. నడుము ముప్పయ్యారు. ఊపిరి బిగబట్టింది. రెండంగుళాలు కలపాలి.'

అది చదివాకగానీ టేపక్క ఊపిరి వదల్లేదు.