తడి రోడ్డు మీద వట్టి కాళ్లు

ఆయన పోయాక పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఆయన గెలిచిన కారు పందేల గురించే మాట్లాడారు. వానలో పళ్ల డాక్టరు కొత్త కారును ఎలా దాటాడో, కప్పు అందుకునేటప్పుడు కూడా కాళ్లకు చెప్పుల్లేకుండా ఎలా నిలబడ్డాడో చెప్పుకుని కాస్త నవ్వుకున్నారు కూడా. ఆఖరి పందెం ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఆయన భార్య బాధపడుతుందనుకున్నారు కాబోలు. ఆమెకు మాత్రం ఆయన తలపుకొస్తే ముందు గుర్తుకొచ్చేది ఆ రోజే.

ఆయన బేకరీలో వ్యాను డ్రైవరు. తెల్లవారకముందే వెళ్లి వేడి రొట్టెల ట్రేలు ఎక్కించుకుని, ఊళ్లో దుకాణాలన్నిటికీ దింపి, పొద్దెక్కేసరికి ఇంటికొచ్చేవాడు. చొక్కా ఎన్నిసార్లు ఉతికినా మైదా వాసన పోయేది కాదు. మిగిలిన పగలంతా వాకిట్లో ఉన్న పాత చిన్న కారుకే. బరువు తగ్గాలని దాంట్లో సీట్లన్నీ పీకేసి ఒక్కటే ఉంచాడు.

"మరి నేనెక్కడ కూర్చోవాలి?" అని ఆమె అడిగింది.

"నువ్వు గట్టు మీద కూర్చుని చూడు. చూసేవాళ్లు లేకపోతే పందెం ఎందుకు?" అన్నాడు.

ఆమె అలాగే ఏళ్ల తరబడి గొడుగేసుకుని గట్టు మీదే కూర్చుంది.

పందేలు మూతపడ్డ ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న రోడ్డు మీద జరిగేవి. ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకునే మామూలు మనుషులే సెలవు రోజున సరదాకు వచ్చేవారు. ఎండ కాస్తే ఆయనది ఆఖరి చోటు. ఆ బక్క ఇంజనుతో ఇంకెక్కడుంటాడు? వాన పడిందంటే మాత్రం ఆయన్ను పట్టుకునేవాడు లేడు. అందుకే పళ్ల డాక్టరు ఆయనకు వానపాము అని పేరు పెట్టాడు.

"ఏం వానపామూ, మబ్బు పట్టగానే బయటికొచ్చేశావా?"

"మీరు నోరు గట్టిగా మూసుకుని నడపండి డాక్టరుగారూ. నా వెనకాల బురద ఎక్కువగా ఉంటుంది."

ఆయన ఒడుపంతా అరికాళ్లలో ఉండేది. పందేనికి ముందు చెప్పులు విడిచి, వానలో ఆ రోడ్డంతా ఒక చుట్టు నడిచేవాడు. ఎండలో కార్లన్నీ ఒకే దారిన మలుపు తిరుగుతాయి. ఆ దారి మీద టైర్ల రబ్బరు రాసుకుని రాసుకుని నున్నగా పట్టేస్తుంది. నీళ్లు పడ్డాయా, అక్కడ సబ్బు పూసిన బండే. దానికి మూరెడు అవతల రోడ్డు గరుగ్గానే ఉంటుంది. ఆ నునుపు ఎక్కడ ఆగుతుందో, గరుకు ఎక్కడ మొదలవుతుందో కంటికి ఆనదు. ఆయన కాలికి ఆనేది. కార్లో కూర్చున్నాక కూడా అంతే. అరగదీసి అట్టలా పలచన చేసుకున్న బూట్లు వేసుకునేవాడు. చక్రం జారబోతోందని కాలికి ముందే తెలుస్తుందనేవాడు.

తర్వాత షుగరు వచ్చింది. మాత్రలు వేసుకున్నాడు, టీలో చక్కెర మానేశాడు, అంతకుమించి పట్టించుకోలేదు. ఒకరోజు పెరట్లోంచి వంటింట్లోకి వచ్చాడు. ఒక చెప్పు గడప దగ్గరే ఉండిపోయింది.

"ఒంటి చెప్పుతో ఎక్కడికండీ ఊరేగింపు?" అని ఆమె నవ్వింది.

ఆయన కూడా నవ్వాడు. కాకపోతే ముందు తల వంచి కాలికేసి చూసుకుని, ఆ తర్వాత నవ్వాడు. ఆమె అప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఆ ఆఖరి పందెం రోజున పొద్దుటినుంచీ ఒకటే వాన. కారు బాగోగులు చూసే మెకానిక్కు ఆయన మేనల్లుడే. వాడు ముందే వచ్చి పని మొదలుపెట్టాడు. ఆయన మామూలుగానే చెప్పులు విడిచి నడక మొదలుపెట్టాడు. గొడుగు పట్టుకుని ఆమె వెంట వెళ్లింది. కొంతదూరం పోయాక, నీళ్ల మీద ఎర్రటి తీగలాంటిది ఏదో ఆయన అడుగుల వెనకే సాగుతూ కనబడింది.

"ఏవండీ, ఆగండి."

"ఆ తూము దగ్గరి మలుపు దాకా వెళ్లి ఆగుదాం."

"కాలు చూసుకోండి ఒకసారి."

ఆమె భుజం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి చూశాడు. మడమలో రేకు ముక్క దిగబడి ఉంది. పట్టుకుని లాగేశాడు. అబ్బా అని కూడా అనలేదు.

"నొప్పి లేదా?"

ఆయన రేకు ముక్కను రోడ్డు పక్కకు విసిరేశాడు.

"ఎప్పటినుంచి ఇలా?"

"ఎడమ కాలు పోయిన వానల్లోనే మొద్దుబారింది. ఇప్పుడు రెండూ అంతే."

"మరి ఇందాకటినుంచి ఎందుకు నడుస్తున్నారు?"

"అందరూ చూస్తారుగా," అన్నాడు.

ఆమె గొడుగు ఆయన వైపు వంచింది. "ఇంటికి పోదాం పదండి."

"ఈ ఒక్కసారికి నడపనీ. రొట్టెలు దింపడం ఎవడికైనా వస్తుంది. నాకు వచ్చిందల్లా ఇదొక్కటే."

అక్కడ టెంటు కింద, పందేలు నడిపే క్లబ్బుకు పెద్ద అయిన లెక్కల మాస్టారు కూర్చునే ఉన్నారు. ఆమె వెళ్లి ఒక్క మాట చెబితే పందెం ఆగిపోయేది. ఆమె అటే చూసింది. తర్వాత ఆయన ముఖం చూసింది. జేబురుమాలుతో మడమకు కట్టు కట్టి, చెప్పులు విడిచి, తనే ముందు నడిచింది.

"ఎలా ఉంది?"

"చల్లగా ఉంది."

"అది కాదే పిచ్చిదానా! నున్నగా ఉందా, గరుగ్గా ఉందా?"

"ఇక్కడ జిడ్డు పెనంలా ఉంది. ఇదిగో, ఇక్కడ మాత్రం గిన్నె అడుగు మాడినట్టు గరుగ్గా తగులుతోంది."

"నువ్వు మాడ్చిన గిన్నెనా, మా అమ్మ మాడ్చిన గిన్నెనా?"

"మీ అమ్మదే. నేను మాడ్చింది ఇంత మెత్తగా ఉండదు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. మలుపు మలుపుకీ ఆమె కాలితో తడుముతూ చెప్పింది, ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. ఇన్నాళ్లూ ఈయన చూసిన రోడ్డు ఇదా అనుకుంది. వాళ్ల కాపురంలో అంత దగ్గరగా నడిచిన రోజు ఇంకోటి ఉందేమో ఆమెకు గుర్తులేదు.

పందెం మొదలైంది. ఆమె చెప్పిన గరుకు మీదే పట్టుగా నడిపాడు. ఒక్కొక్క కారునే దాటుకుంటూ పళ్ల డాక్టరు కారు వెనకాలకు చేరాడు. గట్టు మీద జనం వానపామూ, వానపామూ అని అరుస్తున్నారు. తూము మలుపు వచ్చింది. బ్రేకు పడాల్సిన చోట ఇంజను ఒక్కసారిగా రంకె వేసింది. చిన్న కారు వెళ్లి డాక్టరు కారును పక్కనుంచి కొట్టింది. రెండూ తిరిగి తిరిగి, అడ్డుగా పేర్చిన పాత టైర్లలోకి దూసుకుపోయాయి.

ఆమె పరుగున వెళ్లేసరికి ఇద్దరూ బయటికి వచ్చారు. ఆయనకు దెబ్బ తగల్లేదు. డాక్టరు కుడి మణికట్టు అప్పుడే వాచిపోతోంది. పళ్లు పీకే చెయ్యి అది.

"పోనీలే వానపామూ," అన్నాడు డాక్టరు, చెయ్యి పట్టుకుని. "బ్రేకు పట్టినట్టు లేదు."

"అవునవును, బ్రేకే," అన్నారు చుట్టూ చేరినవాళ్లు.

మాస్టారు గొడుగు కింద నిలబడి అడిగారు. "ఈ కారు బ్రేకులు చూసిందెవరు?"

మేనల్లుడి ముఖం పాలిపోయింది. "నేనే మాస్టారూ. నిన్ననే బిగించాను. బాగానే ఉన్నాయి." వాడి మాట వాడికే నమ్మకంగా వినబడలేదు.

ఆమె ఆయనకేసి చూసింది. ఊరుకుంటే చాలు, తప్పు బ్రేకు మీదికి పోతుంది. కాలి సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. వచ్చే వానకు మళ్లీ ఇక్కడే కారు దింపొచ్చు. ఆయన అటూ ఇటూ చూశాడు, జనాన్ని, రోడ్డును, నలిగిన కారును.

"వాడి తప్పేం లేదు మాస్టారూ," అన్నాడు. "బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కాను. రెండిటికీ తేడా నా కాలికి తెలియడం లేదు. షుగరు. ఇక తెలియదు కూడా. నా పేరు కొట్టేయండి."

డాక్టరు బురదలోనే గొంతుక్కూర్చున్నాడు. "ఏదీ, ఆ కాలు ఇలా పెట్టు."

"మీరు పళ్ల డాక్టరు కదండీ."

ఎవరూ నవ్వలేదు. కట్టు నెత్తురుతో తడిసిపోయి ఉంది.

తిరుగు ప్రయాణంలో బేకరీ వ్యాను మేనల్లుడు నడిపాడు. ఆయన మధ్యన, ఆమె కిటికీ పక్కన కూర్చున్నారు. వాన తగ్గలేదు.

"మావయ్యా, నిజం చెప్పు. నన్ను తప్పించడానికే అలా అన్నావా?"

"నువ్వు బాగానే బిగించావురా." ముందున్న రోడ్డుకేసి చూస్తూ అన్నాడు, "రేపు బేకరీలో కూడా చెప్పాలి. పిల్లలు స్కూలుకెళ్లే వీధులవి."

అప్పుడు తట్టింది ఆమెకు. కారుతోపాటు ఆయన వ్యాను కూడా వదిలేశాడన్నమాట. మైదా వాసన లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆమెకు ఊహకందలేదు. ఆయన చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

ముందు మలుపు వచ్చింది. మేనల్లుడు వేగం తగ్గించాడు. పక్కన, కట్టు కట్టిన ఆయన కాలు వ్యాను నేలను మెల్లగా నొక్కింది. మలుపు దాటాక మళ్లీ వదిలింది. తెలిసి నొక్కుతున్నాడో, తెలియకే నొక్కుతున్నాడో ఆమె అడగలేదు. ఇల్లు చేరేదాకా, వచ్చిన ప్రతి మలుపులోనూ ఆ కాలినే చూస్తూ కూర్చుంది.