చివరి ఆయకట్టు కౌబాయ్

మా ఇంటికి వచ్చేసరికి ఆ కౌబాయ్ దగ్గర ఎప్పుడూ తూటాలుండేవి కావు. టోపీ ఉండేది, గుర్రం ఉండేది, ముఖంలో ఎవరినో ఒకరిని చంపితే గాని అన్నం ముట్టనన్నంత పట్టుదల ఉండేది. తుపాకీ పేల్చబోతే మాత్రం టిక్కుమనేది. పాత కంప్యూటర్ ఆటల్లో గుర్రపు డెక్కల చప్పుడు కొబ్బరి చిప్పల్లా వినపడుతుంది గాని, తూటాలు లేని తుపాకీ టిక్కుమనడం మాత్రం ఎంతో శ్రద్ధగా చేశారు.

దీనికంతటికీ మూలం మా తాతయ్య తీర్పు. మా అమ్మవాళ్లు ముగ్గురు అక్కచెల్లెళ్లు. పెద్దమ్మది మిర్యాలగూడ, చిన్నమ్మది కోదాడ, మాది సూర్యాపేట. ఇంటికొక్కరం చొప్పున పిల్లలం ముగ్గురం. మేం బడికి పోయే రోజుల్లో ఎవరో వాడి పడేసిన ల్యాప్‌టాప్ ఒకటి మా ముగ్గురి మధ్యకు వచ్చింది. అది ఎవరిదన్న దగ్గర ఏడుపులు మొదలయ్యాయి. చివ్వెంల దగ్గర వ్యవసాయం చేసే తాతయ్యకు కంప్యూటర్ తెలియదు గాని, కాలువ నీళ్ల పంచాయితీలు బాగా తెలుసు.

"వంతులు వెట్టుకోన్రి. ముందుగాల మిర్యాలగూడ, ఎన్క కోదాడ, ఆఖరికి పేట."

"మేమే ఎందుకు ఆఖరు తాతా?"

"మన దిక్కు నీళ్లు ఎప్పుడన్న ముందుగాల వచ్చినయా బిడ్డా? చివరి ఆయకట్టు. అలవాటైతది తియ్."

అలా ఆ ల్యాప్‌టాప్ తువ్వాలులో చుట్టుకుని, బియ్యం సంచిలో కూర్చుని, నెలకో ఊరు చొప్పున బస్సుల్లో తిరగడం మొదలుపెట్టింది. మేం పెద్దవాళ్లమయ్యాం, ఫోన్లు వచ్చాయి, మిర్యాలగూడ అన్నకు మీసం కూడా వచ్చింది. వంతు మాత్రం ఆగలేదు.

అందులో పాడుబడ్డ కోటలో రాళ్లు తోసుకుంటూ నిధి వెతికే ఆట ఒకటుండేది. నాకు రాళ్లు తోయడంలో ఆసక్తి లేదు, ఆ పని ఎండాకాలం తాతయ్య చేలో ఉచితంగానే దొరికేది. మా ముగ్గురినీ పట్టుకున్నది కౌబాయ్ ఆట. ఊరంతా ఒకటే వీధి. సారా దుకాణం ఉంటుంది, శవపేటికలు చేసేవాడుంటాడు, జైలుంటుంది. చాయ్ దొరికే చోటు మాత్రం ఒక్కటీ ఉండదు. అంతమంది పొద్దున్నే అంత కోపంగా ఎందుకుంటారో నాకు అప్పుడే అర్థమైంది. ఆట నిండా ఎడారి. మే నెలలో పేటలో కూర్చుని ఆడితే ఆ ఎడారి కొంచెం చల్లగా అనిపించేది. కౌబాయ్ ఎవరింట్లోకైనా నేరుగా దూరి సొరుగులు తీస్తాడు, ఎవరూ ఏమీ అనరు. అదే మా వీధిలో అయితే మొదటి గడపలోనే "ఎవలింటి పిలగానివి ర నువ్వు?" అనే ప్రశ్న తగిలేది, కథ అక్కడితో ముగిసేది.

ఆ ఆటలో ఆడినంతవరకు సేవ్ చేసి దాచుకునే చోటు ఒక్కటే. కాబట్టి ఒకరు ఎక్కడ ఆపితే తర్వాతివాళ్లు అక్కణ్నుంచే ఆడాలి. అన్న తన నెలంతా సీసాలను, బోర్డులను, ఆకాశాన పోయే పక్షులను కాల్చేవాడు. అడిగితే "ప్రాక్టీసు తమ్మీ" అనేవాడు. కోదాడ చెల్లె అసలు కాల్చేదే కాదు. తప్పిపోయిన ఆవులను వెతికిపెట్టేది, ముసలమ్మలకు మందులు తెచ్చిచ్చేది. ఒకసారి మంచి తుపాకీ అమ్మేసి గుర్రానికి ఖరీదైన జీను కొన్నది.

"పాపం అన్నయ్యా, దాని వీపు చూశావా? పుండు పడిపోయింది."

"అది బొమ్మ!"

"నువ్వు మాత్రం ఏం తక్కువ?"

ఈ ఎండాకాలం నా వంతులో ల్యాప్‌టాప్ నూర్పిడి మిషన్‌లా మోత మొదలుపెట్టింది. బస్టాండు దగ్గరి రిపేరు షాపతను మూత తెరిచి, మళ్లీ మూసి, దవాఖానలో పెద్ద డాక్టరులా నిట్టూర్చాడు. "తమ్మీ, దీన్ని ఇగ నమ్మొద్దు. ఏదన్న సూసుకునేదుంటే ఇప్పుడే సూసుకో."

సూసుకునేది ఒకటుంది. ఇన్నేళ్లకు కౌబాయ్ ఆఖరి పోరుకు వచ్చాడు. రైల్వేస్టేషన్‌లో దొంగల నాయకుడు చుట్ట తాగుతూ నిలబడి ఉన్నాడు. వాణ్ని పడగొడితే ఆట అయిపోయినట్టే. ఆ ముగింపు మా ముగ్గురిలో ఎవరూ చూడలేదు. జీవితంలో ఒక్కసారైనా చివరి ఆయకట్టువాడు ముందు చూడాలని నా కోరిక. మళ్లీ వంతు వచ్చేదాకా ఆ మిషన్ బతికుంటుందన్న నమ్మకం లేదు.

దారిలో ఏరుకున్న నాలుగు తూటాలూ తగిలినా వాడు చచ్చేవాడు కాదు. నేను చచ్చిన ప్రతిసారీ అదే ఇంగ్లీషు డైలాగు చెప్పేవాడు. చివరికి అది మా అమ్మకు కూడా నోటికొచ్చి, వంటింట్లోంచి వాడికంటే ముందే అనేసేది.

ఆదివారం పొద్దున అన్న ఖాళీ బియ్యం సంచితో బండి మీద దిగాడు. "తమ్మీ, వంతు ఖతం. తే."

"ఒక్క రోజు అన్నా."

"గా మాట వంతుకోపారి అంటవ్."

మార్కెట్‌కు వడ్లు తెచ్చిన తాతయ్య మా ఇంట్లోనే మంచం మీద ఒరిగి ఉన్నాడు. లొల్లి విని లేచి కూర్చున్నాడు. "ఇంకెంత ఉన్నది ర?"

"ఒక్కడే మిగిలిండు తాతా. వాడు పడితే అయిపోతది."

"అంటే పొట్టకొచ్చింది."

వరి పొట్ట మీదున్నప్పుడు నీళ్లాగితే గింజ తాలుపోతుంది. అందుకే అలాంటి మడి ఉంటే, వంతు అయిపోయినా కాలువకు పైన ఉన్న రైతులు ఆ పొద్దుకు నీళ్లు మలుపుకోరు. అది తాతయ్య ఊళ్లో ఎవరూ రాయని కట్టుబాటు.

"పొద్దుగూకేదాంక ఇడువు," అన్నాడు అన్నతో.

"తాతా, ఇది ఆట!"

"మరి లొల్లెందుకు వెట్టుకుంటున్రు?"

అన్న సంచి మడిచి పక్కన పెట్టాడు. సంగతి ఫోన్‌లో వినగానే చెల్లె "నా గుర్రాన్ని వదిలేసి ముగించేస్తారా?" అని కోదాడలో బస్సెక్కి, మధ్యాహ్నం అన్నాలకల్లా వచ్చేసింది.

తిన్నాక మొదలుపెట్టాం. చచ్చాను. మళ్లీ చచ్చాను.

"తలకాయకు కొట్టు తమ్మీ!"

"కొట్టనీకి తూటాలేవి? అన్ని పక్షులకే అయిపాయె."

"నా నెలల నిండుగనే ఉండె."

"ఒకటో తారీఖున ఉండొచ్చులే," అంది చెల్లె.

గోడ మీది ఎండ పైకి జరుగుతోంది. తాతయ్య ఒకసారి ఎండను, ఒకసారి నన్ను చూస్తున్నాడు. అప్పుడు చెల్లె, "అన్నయ్యా, గుర్రాన్ని ఎక్కడ కట్టావు?" అని అడిగింది.

"స్టేషన్ బయట."

"విప్పేసి లోపలికెళ్లు. వాడు మాట్లాడేటప్పుడు ఈల వెయ్యి."

ఈల వేసే మీట ఒకటుందని నాకు తెలియదు. వేశాను. ఖరీదైన జీనుతో గుర్రం గోడలూ గేట్లూ లెక్కచేయకుండా దూసుకొచ్చింది. నాయకుడు చుట్ట తీసి డైలాగు సగం చెప్పాడు. మిగతా సగం వంటింట్లోంచి మా అమ్మ పూర్తి చేసేలోపు గుర్రం వాణ్ని గుద్దింది. ఇన్ని తూటాలకు చెక్కుచెదరనివాడు ప్లాట్‌ఫాం మీంచి బస్తాలా కింద పడి, మళ్లీ లేవలేదు.

మేం తెర దగ్గరికి జరిగాం. కౌబాయ్ గుర్రమెక్కి కుంకే సూర్యుడి వైపు కాసేపు పోయాడు. తర్వాత పేర్లు పడ్డాయి.

"గంతేనా?" అన్నాడు తాతయ్య. "గిది నాకు పొలంకాడ రోజు కనవడతది. ఈళ్లందరెవలు?"

"ఆట చేసినోళ్లు తాతా."

"ఇంతమంది గలిసి గా గుర్రానికి గుక్కెడు నీళ్లు పెట్టకపోయిరి."

ఇన్నేళ్లు ఎదురుచూసిన ముగింపు అది. నేనే ముందు చూశానని అందామనుకున్నాను గాని, మంచం మీద నలుగురం ఒకేసారి చూశాం. గెలిచింది గుర్రం. పొద్దు గూకింది. అన్న కొత్త ఆట మొదలుపెట్టి, ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని పోయాడు.

రిపేరతను చెప్పిన చావు ఇంకా రాలేదు. ఇప్పుడది కోదాడలో ఉంది. మొన్న చెల్లె ఫోన్ చేసింది. "పెద్దన్నయ్య తూటాలన్నీ సీసాల మీదే తగలేశాడు. ఒక్కటి కూడా లేదు. ఏం చెయ్యమంటావు?"

"తుపాకీ అమ్మెయ్," అన్నాను. "జీను కొను."