సీదా పడ్డ పెండ్లి కార్డు

దయ్యాలు, గాలి సోకుడు అంటే నేను నవ్వేదాన్ని. ఇప్పటికీ నవ్వుత. కానీ ఈ ఒక్క ముచ్చట కాడికి వచ్చేసరికి నా నవ్వు ఆగిపోతది.

డబ్బా కంప్యూటర్లు మా దిక్కు కొత్తగ వస్తున్న రోజులు. మాది గద్వాల, చీరెలు నేసే ఇల్లు. నాయినను ఒప్పించి వనపర్తిల ఒక చిన్న ఆర్ట్ కాలేజీల చేరిన. కంప్యూటర్ల బొమ్మ తయారు చేసుడు, దాన్ని రబ్బరు లాంటి పలక మీద చెక్కుడు, సిరా పూసి మిషిన్ల అచ్చు తీసుడు. ఇదే మా చదువు.

గప్పుడే అక్క పెండ్లి కుదిరింది. కార్డు నేనే చేస్త అన్న.

"సరే బిడ్డా, వచ్చి చూస్త. మంచిగ లేకుంటే ప్రెస్సుల కొట్టిస్త. నువ్వు ఇంటికొచ్చి మగ్గం మీద కూసో" అన్నడు నాయిన.

అచ్చు సీదా రావాల్నంటే పలక మీద అక్షరాలు అద్దంల కనపడ్డట్టు ఉల్టా చెక్కాలె. కాలేజీల సార్ మాకు చెప్పిన మొదటి పాఠమే అది. నేనేమో పెండ్లి సంబురంల కంప్యూటర్ల తిప్పుడే మర్చిపోయిన. పేర్లన్నీ సీదా చెక్కిన.

నాయిన వచ్చిన పొద్దున పలకకు సిరా పూసి, అట్ట పరుస్తుంటే నా దోస్తు పర్వీన్ చూసింది. ఆమెది నాగర్‌కర్నూల్.

"యా అల్లా! సీదా చెక్కినవేందే?" అని చెవుల అన్నది.

సార్ వంగి చూసి తల పట్టుకున్నడు. నాయిన అప్పటికే మిషిన్ చక్రం పట్టుకొని ఉన్నడు. ఆపే లోపల తిప్పేసిండు.

అట్ట లేపిన. అక్షరాలు సీదా ఉన్నయి. అక్క పేరు, బావ పేరు చక్కగ చదవొస్తున్నయి.

"చూసిన్రా సార్, మా బిడ్డ పని!" అని నాయిన మురిసిపోయిండు.

సార్, పర్వీన్, నేను పలక మీదికి వంగినం. పలక చూస్తే అదీ సీదానే ఉంది. అట్ట దళసరిది, వెనక నుంచి కనపడే ముచ్చటే లేదు. అచ్చును ముట్టుకుంటే సిరా వేలికంటింది. సార్ ఇంకో అట్ట పెట్టి తిప్పిండు. ఉల్టా. పర్వీన్ తిప్పింది. ఉల్టా. ఆఖరికి మల్ల నాయినతోనే తిప్పిచ్చినం. అదీ ఉల్టానే.

"మొదటిది మంచిగొచ్చింది గద, దీన్నెందుకు ఖరాబు చేస్తుండ్రు?" అని నాయిన కసిరిండు. అందరం పడి పడి నవ్వినం. నవ్వుకుంటనే నేను ఆ మొదటి అట్టను మల్లొకసారి చదివిన.

ఆ మొదటి అచ్చునే స్కాన్ చేసి, కార్డులన్నీ కంప్యూటర్ల నుంచే తీసినం. నాయిన గద్వాల అంత తిరిగి తనే పంచిండు. నా చదువు ఆగలే.

"ఈ సంగతి పరీక్షల మాత్రం రాయకు" అన్నడు సార్.

ఆ అచ్చు అక్క ఇంట్ల ఫ్రేముల కట్టి ఉన్నది. పోయినప్పుడల్లా దగ్గరికి పోయి చదువుత. ఇంకా సీదానే ఉన్నది. ఎట్లనో నాకు తెల్వదు.