ఆత్మకూరుకు జర్మనీ గుర్రం వచ్చింది

ఉదయగిరి జబీవుల్లా కడుపుమంటకు మందు లేదు. ఉంటే అతని భార్య నుస్రత్ ఎప్పుడో నూరి పోసేది. ముప్పై ఏళ్ళుగా ఎద్దులకూ గుర్రాలకూ లాడాలు కొడుతున్నాడు. చాందిని అనే తన నాటు గుర్రం మీద చుట్టుపక్కల పెళ్ళికొడుకులందరినీ ఊరేగించాడు. అట్లాంటివాడి మనశ్శాంతి చెడగొట్టడానికే అన్నట్టు చిన్నాన్న కొడుకు అజ్మతుల్లా పెళ్ళి ఊరేగింపులకు తిప్పుతానని బెంగళూరు నుంచి ఒక గుర్రంతో ఆత్మకూరులో దిగాడు.

అజ్మతుల్లా అక్కడ రైడింగ్ క్లబ్బులో గుర్రాలు చూసుకునేవాడు. వయసు మీరిందని క్లబ్బువాళ్ళు వదిలించుకున్న జర్మనీ వార్మ్‌బ్లడ్ జాతి గుర్రం అది. పేరు డ్యూక్. చాందిని కంటే మూరెడు ఎత్తు. పక్కన టపాకాయ పేలినా చెవి ఆడించి ఊరుకుంటుంది.

"దీన్ని దేనికి పెంచుతార్రా ఆ దేశంలో?" అన్నాడు జబీవుల్లా, ఏదో ఒక లోపం బయటపెట్టకపోతాడా అని.

"ఆటలకు భాయ్. రేసుగుర్రానికి దుడుకెక్కువ, బండిగుర్రానికి బరువెక్కువ. రెండూ కలిపి ఇట్ట చేసినారు. వీటిల్లో హోల్‌స్టైనర్ అడ్డాలు దూకేదానికి. ట్రకేనర్ తేలిక, వాగులూ గట్లూ దాటి పరిగెత్తేదానికి. మనది హనోవేరియన్. దూకతాది, కళ్ళెం సైగకు డ్రెస్సాజ్ అడుగులూ వేస్తాది."

అది చేయలేని పని ఒక్కటైనా ఉండకపోదని జబీవుల్లా నెల రోజులు ఫోనులో వీడియోలు చూశాడు. ఎండలో నూరు కిలోమీటర్ల పందేనికి అరబ్బీ గుర్రమే మేలు అన్న ఒక్క ముక్క దొరికింది. దాన్నే మర్రిపాడు దాకా చాటాడు. పెళ్ళికొడుకు నూరు కిలోమీటర్లు ఎక్కడికి పోతాడు భాయ్ అని జనం నవ్వారు.

మర్రిపాడు లారీల కోటేశ్వర్ ఇంట్లో మూడు తరాల పెళ్ళికొడుకులు జబీవుల్లా వాళ్ళ గుర్రమే ఎక్కారు. ఇప్పుడు కొడుకు పెళ్ళికి ఆయన, "రెండూ చూసి చెప్తా" అన్నాడు. జబీవుల్లాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఇల్లు చేజారితే ఇక చాందినిని పిలిచేవాడుండడు.

ఆత్మకూరు మైదానంలో డప్పులు పెట్టించారు. చాందిని ఎప్పట్లాగే ముందుకాళ్ళు ఎత్తి ఆడింది. తర్వాత అజ్మతుల్లా డ్యూక్ ఎక్కి కళ్ళెం సవరించాడు. అది మెడ వంచి, ఉన్నచోటే దరువుకు తగ్గట్టు కాళ్ళు మార్చింది. క్లబ్బులో నేర్పిన డ్రెస్సాజ్ అడుగు జనానికి నాట్యమైంది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారే, అట్లా అయింది చాందిని పని.

ఒళ్ళు మండిపోతున్న జబీవుల్లా చెవికి అప్పుడు తగిలింది, నాలుగు అడుగుల్లో ఒకదాని చప్పుడు తేడాగా. వెనక ఎడమకాలి లాడం వదులైంది. అన్ని డప్పుల మధ్య అది లాడాలు కొట్టేవాడికి తప్ప ఇంకొకరికి వినపడదు. "దిగరా" అంటే చాలు. అనలేదు. పైగా, "ఇంకోసారి ఆడించు, కోటేశ్వరన్న సరిగ్గా చూళ్ళేదు" అన్నాడు.

ఆడించాడు. లాడం పక్కకు తిరిగి, మేకు గిట్ట కింద మెత్తటి చోట దిగబడింది. డ్యూక్ మూడు కాళ్ళ మీద నిలబడిపోయింది.

"కుంటిదాన్ని ఎట్ట ఎక్కిస్తాం? చాందినినే తోలుకురా" అని కోటేశ్వర్ జీపెక్కాడు.

కోరుకున్నది దక్కింది. జబీవుల్లా పట్టకారు తీసుకుని కూర్చుంటే, డ్యూక్ అడక్కుండానే కాలు ఇచ్చింది. గిట్ట నిండా రక్తం.

"ఎక్కే ముందు కాళ్ళు చూసుకోవద్దా రా?" అని కసిరాడు, తప్పు వాడిమీదికి నెట్టాలని.

"రోజూ చూస్తా భాయ్" అన్నాడు అజ్మతుల్లా. "ఈ పూట నువ్వుండావు గదా అని చూళ్ళేదు."

మేకు మీద జబీవుల్లా పట్టకారు రెండుసార్లు జారింది. గుర్రం కాలు లాక్కోలేదు.