పెట్టెలో పాస్‌పోర్టు, ఆయన తలలో నంబరు

ఆస్పత్రిలో ముప్పై ఒక్క ఏళ్లు టెలిఫోను ఆపరేటరుగా పనిచేసిన ఆమెను రిటైరైన తర్వాత కూడా అందరూ ఆపరేటరమ్మ అనే పిలిచేవారు. ఏ డాక్టరు ఏ వేళకి ఏ గదిలో ఉంటాడో, ఏ వార్డులో ఎన్నో మోతకి ఫోను ఎత్తుతారో ఆమెకు కంఠతా వచ్చు. అవతలివాళ్లు ఏడ్చినా, తిట్టినా, "ఒక్క నిమిషం లైన్లో ఉండండి, కలుపుతున్నాను" అనే ఆ గొంతు చెక్కు చెదిరేది కాదు.

భర్త బ్యాంకులో క్యాషియరు. ఇంట్లో డబ్బు సంగతులన్నీ ఆయనవే. ఆమె పెన్షను ఆమె ఖాతాలోనే పడేది గానీ, ఆ ఖాతా కార్డు బీరువాలో కవరు విప్పకుండానే ఉండేది. ఆయన వాడనివ్వక కాదు. కావలసింది అడక్కముందే చేతిలో పెట్టేవారు. అడగాల్సిన పనే లేనప్పుడు అడగాలని ఎవరికి తోస్తుంది?

ఇద్దరూ కలిసి అయిదు నెలల ప్రయాణం పెట్టుకున్నారు. మూడు దేశాలు, ఎక్కువగా రైళ్ల మీద. డబ్బు ఏర్పాట్లలో క్యాషియరుగారు ఎక్కడా లొసుగు ఉంచలేదు. వీధి మొగలో ఉన్న డబ్బు తీసే మెషీన్ల జోలికి పోరు. బ్యాంకు లోపలున్నవే వాడతారు, అదీ పట్టపగలు. రహస్య నంబరు నొక్కేటప్పుడు రెండో చెయ్యి అడ్డం పెడతారు. రోజుకి సరిపడా నోట్లు జేబులో ఉంటాయి. రెండు కార్డుల్లో ఒకటి వెంట, ఒకటి గదిలోని ఇనప్పెట్టెలో, పాస్‌పోర్టులతోపాటు. "పోతే ఒకటి పోవాలి, రెండోది మిగలాలి," అనేవారు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఆ రెండు కార్డులూ ఆయన పేరు మీదే ఉన్నాయి. వాటి నంబరూ, పెట్టె తెరిచే నంబరూ ఆయన తలలో తప్ప ఇంకెక్కడా లేవు.

మూడో నెలలో, ఓ సరస్సు పక్క ఊళ్లో ఉండగా, పొద్దున్న కాఫీ తాగుతూనే ఆయన కడుపు పట్టుకుని బల్ల మీదికి ఒరిగిపోయారు. గదులు అద్దెకిచ్చే ఇంటావిడ అంబులెన్సుని పిలిచింది. ఆస్పత్రిలో చూసి అపెండిక్సు పగిలేలా ఉంది, వెంటనే కొయ్యాలన్నారు. తోపుడు మంచం మీద తీసుకెళ్తుంటే ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, కార్డు ఇచ్చి, నాలుగు అంకెలు గొణిగారు.

ఆపరేషన్ ఆగలేదు. అక్కడివాళ్లు మనిషిని ముందు చూసి, డబ్బు సంగతి తర్వాత చూశారు. కానీ గంట గడిచాక ఆఫీసులోంచి ఒకామె వచ్చి, సాయంత్రంలోగా సగం కట్టాలని మర్యాదగానే చెప్పింది. బీమా ఉంది, కాకపోతే అది ముందు మనం కట్టి తర్వాత రాబట్టుకునే రకం.

ఆపరేటరమ్మ ఆస్పత్రి వరండాలో ఉన్న మెషీన్లో కార్డు పెట్టి ఆ నాలుగు అంకెలూ నొక్కింది. తప్పంది. తన వేలే జారిందేమోనని మెల్లగా మళ్లీ నొక్కింది. మళ్లీ తప్పే. నొప్పిలో ఆయన ఏ పాత నంబరో చెప్పి ఉంటారు. మూడోసారి నొక్కబోయి ఆగిపోయింది. ఇది కూడా తప్పితే కార్డు పూర్తిగా మూగబోతుంది. కార్డు వెనక్కి తీసుకుంది.

ఆయన్ని గదిలోకి తెచ్చాక ఒక ఆలోచన వచ్చింది. బ్యాంకు యాప్ ఉన్న ఆయన ఫోను వేలిముద్రతో తెరుచుకుంటుంది. మత్తులో ఉన్న మనిషి వేలు ఎత్తి అద్దం మీద ఆనించబోయింది. ఆ వేలు వెచ్చగా, బరువుగా, తనదంటూ ఏమీ లేనట్టుంది. ఎందుకో చెయ్యి రాలేదు. నెమ్మదిగా దుప్పటి మీద పెట్టేసింది.

తన ఫోనులోంచి బ్యాంకుకి చేసింది. ముప్పావుగంట సంగీతం విన్నాక ఒక అమ్మాయి పలికింది.

"ఖాతాదారుతోనే మాట్లాడగలమండీ. మీరు భార్యే కావచ్చు, కానీ మాకు రూలు లేదు."

కోపం రావాలి. కానీ అవతలి కుర్చీ ఎలాంటిదో ఆమెకు తెలుసు.

"రూలు నీది కాదులే తల్లీ. ఖాతా సంగతి నేనడగను. నీ అమ్మే ఇలా పరాయి దేశంలో ఇరుక్కుంటే ఏం చెయ్యమంటావో, అది చెప్పు."

అమ్మాయి గొంతు తగ్గించింది.

"మీవాళ్లెవరైనా ఉంటే డబ్బు పంపే ఆఫీసు నుంచి మీ పేరు మీద పంపమనండి ఆంటీ. గంటలో అందుతుంది. మీ పాస్‌పోర్టు మాత్రం చూపించాలి. దారిలో ఎవరైనా సాయం చేస్తామంటే నమ్మకండి, ఆఫీసుకే వెళ్లండి."

ఆపరేటరమ్మ చెల్లెలికి ఫోను చేసి చెప్పింది. "ఏడవకుండా విను ముందు," అనాల్సి వచ్చింది రెండుసార్లు. మరిదిగారు అప్పటికే చెప్పులేసుకుంటున్నారని చెల్లెలు అంది.

ఇక పాస్‌పోర్టు కోసం అద్దె గదికి పరిగెత్తింది. ఇంటావిడ దగ్గర ఇనప్పెట్టెకి మారుతాళం ఉంది. కానీ, గుర్తింపు కాగితం చూపిస్తేగానీ తెరవనని ఫోనులో మాటలు అనువాదం చేసి చూపించింది. ఆ కాగితమేమో పెట్టెలో ఉంది. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు. అంత దిగుల్లోనూ ఆపరేటరమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి ఇంటావిడ కూడా మెత్తబడి, వచ్చిన రోజు తీసుకున్న పాస్‌పోర్టు నకళ్లు వెతికి, ఫొటోనీ మొహాన్నీ రెండుసార్లు పోల్చి, తాళం తిప్పింది.

డబ్బిచ్చే ఆఫీసు రెండు వీధుల అవతల ఉంది. కౌంటరు మనిషి పాస్‌పోర్టు చూసి తల అడ్డంగా ఊపాడు. చెల్లెలు కంగారులో అక్క ముద్దుపేరు రాయించింది! ఆపరేటరమ్మ వెంటనే చెల్లెలికి ఫోను కలిపింది.

"ఒసేయ్, పాస్‌పోర్టులో ఉన్న పేరు రాయించవే! అక్షరం పొల్లుపోకుండా!"

"పుట్టినప్పటి నుంచి నిన్ను ఆ పేరుతో ఎవరు పిలిచారక్కా, గుర్తుండటానికి!"

పేరు దిద్దించేసరికి ఇంకో అరగంట పట్టింది. నాలుగున్నరకి ఆమె ఆస్పత్రి ఆఫీసులో డబ్బు కట్టి, రసీదు మడిచి, కుర్చీలో కూలబడి, పొద్దుటి నుంచి ఏమీ తినలేదని గుర్తు తెచ్చుకుంది.

మర్నాడు క్యాషియరుగారు తేరుకుని జరిగిందంతా విన్నారు. రసీదు తిప్పి తిప్పి చూశారు.

"పింఛను తీసుకోవడం చేతకాని ముసలివాళ్లు కొడుకులకి నంబర్లు చెప్పి, ఖాళీ ఖాతాతో నా క్యాషు కిటికీ ముందు నిలబడటం ఎన్నిసార్లు చూశాననుకున్నావ్? ఎవరికీ చెప్పకూడదని ఒంట్లో ఇంకిపోయింది."

"నంబరు చెప్పలేదని నాకు బాధ లేదండీ," అంది ఆమె. "మా ఎక్స్ఛేంజిలో ఒక లైను తెగితే ఇంకోటి ఉండేది. మనకి ఉన్నది ఒక్కటే లైను, అదీ మీరు. మీరు మత్తులో ఉంటే నా డబ్బుతో కూడా నేను మాట్లాడలేను. తప్పు మీ ఒక్కరిదే కాదులెండి. నాకో లైను కావాలని నేనూ ఏనాడూ అడగలేదు."

 సాయంత్రం ఆయన తనంతట తానే ఇంటి తాళాలున్న మరదలికి ఫోను చేసి, బీరువాలో ఆమె కార్డు కవరు ఎక్కడుందో చెప్పి, కొరియర్లో పంపమన్నారు. పన్నెండు రోజులకి కార్డు చేరింది. బ్యాంకు పంపే సందేశం అందుకోవడానికి ఆపరేటరమ్మ తన ఊరి సిమ్ము ఫోనులో వేసుకుని, రహస్య నంబరు తనే పెట్టుకుంది. చెల్లెలి డబ్బు ముందు తీర్చింది. పాస్‌పోర్టులు ఎవరిది వాళ్ల దగ్గరే ఉండాలనీ, బీమా కాగితం నకలు ఇద్దరి సంచుల్లోనూ ఉండాలనీ చెప్పింది. క్యాషియరుగారు బుద్ధిమంతుడైన గుమస్తాలా రాసుకున్నారు.

ఆయన్ని అద్దె గదికి పంపేసినా, డాక్టరు ఇంకో వారం కదలొద్దన్నాడు. ఆయన పడుకున్న ఒక మధ్యాహ్నం ఆమె ఒక్కతే బయల్దేరి, బ్యాంకు లోపల మెషీన్లో కొంచెం డబ్బు తీసింది. సరస్సు ఒడ్డున పడవ టిక్కెట్లు అమ్ముతున్నారు. ఎక్కాలని వచ్చిన రోజు నుంచీ ఉంది. ఆయనకి నీళ్లంటే భయం కాబట్టి ఆ మాటే ఎత్తలేదు. టిక్కెట్టు ఒకటి కొనుక్కుంది. గంటసేపు కొండల నీడ మీదుగా పడవ తిరిగింది. ఎవరికీ ఏమీ కలపక్కర్లేకుండా, ఆమె ఊరికే కూర్చుంది.

గదికి వచ్చేసరికి ఆయన దిండుకి ఆనుకుని ఉన్నారు.

"ఎక్కడికెళ్లావే?"

"పడవెక్కాను."

"ఒక్కదానివా?" ఆయన దుప్పటి పైకి లాక్కున్నారు. "లోతెంతుంటుందన్నారు?"

"అడగలేదండీ. బాగుంది," అంటూ ఆమె చెప్పులు విప్పి, తడిసిన చీర అంచు పిండుకుంది.