తొమ్మిది సెకన్ల కుస్తీ

మొన్న లాల్‌దర్వాజాలో పాత కుస్తీ తాలీం పడగొట్టి అపార్ట్‌మెంటుకు పునాదులు తవ్వుతుంటే, మూడడుగుల లోతులో పసుపు కలిసిన ఎర్రమట్టి బయటపడింది. మా మేనమామ కుస్తీ పట్టిన మట్టి అది. ఏటా అందులో పసుపు, నూనె, మజ్జిగ పోసి కలిపేవారు. ఆ వాసన తగలగానే నా అరచేతులు చెమటతో తడిశాయి. నాకు యాభై మూడేళ్లు. మట్టి వాసనకు భయపడే వయసు కాదు.

మామ నాకన్నా ఆరేళ్లే పెద్ద. పొద్దున బర్రెల పాలు పిండి ఇళ్లకు పోసి, సాయంత్రం తాలీంకు పోయేవాడు. పదహారో ఏట నా చేతికి గడియారం వచ్చింది మొదలు ఆయన ప్రతి కుస్తీనీ సెకన్లతో సహా రాసిపెట్టాను. లెక్కలు నాకు బడి నేర్పలేదు, ఈ పిచ్చే నేర్పింది. "ఏంది అల్లుడా, నేను కుస్తీ పడుతున్ననా, నువ్వు గుడ్లు ఉడకవెడుతున్నవా?" అని వెక్కిరించేవాడు. ఇరవై రెండేళ్లప్పుడు ఆయన గెలవడానికి సగటున యాభై సెకన్లు పట్టేది. మీదికి దూకి, ఎదుటివాణ్ణి భుజం మీదుగా విసిరేసేవాడు. గల్లీ అంతా తన పేరు అరవాలి, అదొక్కటే కోరిక. ముప్పై దాటాక నాలుగు నిమిషాలు. దూకడం మాని, అవతలివాడు తప్పు చేసేదాకా చుట్టూ తిరిగేవాడు. అప్పటికి గెలుపు మీద మోజు పోయి, ఓడితే గల్లీకి మొహం ఎలా చూపించాలన్న బెంగ పట్టుకుంది. నలభైలో పన్నెండు నిమిషాలు. తన బరువంతా ఎదుటివాడి మీద మోపి, వాడి ఊపిరి అయిపోయేదాకా ఆగేవాడు. జనం ఆవులించేవారు. నేను మాత్రం ఆ అంకెలు చూసి మామకు తెలివి పెరుగుతోందనుకున్నాను. పెరుగుతున్నది భయమని నా లెక్కకు అందలేదు.

నలభై నాలుగో ఏట పాలు పిండుతుంటే ఆయన ఎడమచేతి వేళ్లకు స్పర్శ పోయింది. మెడ ఎముక నరాన్ని నొక్కుతోందని, ఇంకొక్కసారి తలమీద పడితే కాళ్లు పోతాయని డాక్టరు చెప్పాడు. మామ కుస్తీ మానేశాడు. ఆ నాగపంచమి పోటీకి మాత్రం పెద్దమనిషిగా పిలిస్తే వెళ్లాడు. బహదూర్‌పురా పహిల్వాన్ ఒకడు దీవెన కోసం ముందుకొచ్చాడు. మామ మట్టిలోకి దిగి, గుప్పెడు మట్టి తీసి, వాడి అరచేతిలో పెట్టి చెయ్యి కలిపాడు. తాలీంలో దానికి ఒకటే అర్థం: నీతో కుస్తీకి ఒప్పుకున్నాను. ఇక వెనక్కి లేదు. ఇరవై రెండేళ్ల అలవాటు, ఆయన ఆలోచించేలోపే చెయ్యి ఆ పని చేసేసింది. ఈలలు లేచాయి.

"మామా, బయటికి రా! డాక్టర్ ఏం జెప్పిండు?" అని అరిచాను.

"చెయ్యి కలిపిన గదరా," అన్నాడు. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"అరే, ఉస్తాద్‌కు చెమట్లు వడ్తున్నయి భాయ్!" అని నా పక్కనెవరో నవ్వాడు.

ఆ పహిల్వాన్ వస్తూనే మెడ పట్టి కిందికి గుంజాడు. గడియారం చూడలేకపోయాను, నోరే లెక్కపెడుతోంది. ఐదు. మామ తల వంగిపోయింది. ఏడు. అప్పుడాయన తనంతట తానే మోకాళ్లు మడిచి, కూర్చుని, మంచం మీద ఒరిగినంత నెమ్మదిగా రెండు భుజాలూ మట్టికి ఆనించాడు. తొమ్మిది.

ఆ తర్వాత "నూరా కుస్తీ! నూరా కుస్తీ!" అని కేకలు. ముందే మాట్లాడుకున్న దొంగ కుస్తీ అని. రెండు చెప్పులు కూడా వచ్చి పడ్డాయి. మామ లేచి, బిత్తరపోయి నిలబడ్డ పహిల్వాన్ చెయ్యి పైకెత్తి, "నువ్వు గెల్చినవ్ బేటా. గా లొల్లి ఇనకు," అన్నాడు.

దారిలో ఉండబట్టలేక అడిగాను. "గట్ల పండుకున్నవేంది మామా? ఇరవై రెండేండ్ల పేరు!"

"భయమైందిరా. పదేండ్ల సంది అయితనే ఉంది. ఇయ్యాల దాచుకోనీకి చాతగాలే," అన్నాడు నడుస్తూనే.

ఆ రోజు నాకు సిగ్గేసింది. ఇప్పుడు అప్పటి మామ కన్నా తొమ్మిదేళ్లు పెద్దవాణ్ణి. మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేస్తోందని ఇంట్లో ఇంకా చెప్పలేదు. భయమైందని అనడానికి ఆయనకు పదేళ్లు పట్టింది కదా, నాకు నాలుగు నెలలే అయిందని సర్దిచెప్పుకుంటూ ఇంకో రోజు గడిపేస్తున్నాను.