రాజమల్లు సార్ ఎక్కని కొండ

బీదర్ పక్కన చిద్రిలో మా పక్కింటివాళ్ళు చలికాలం పొద్దున్నే ఆరుబయట పొయ్యి మీద నీళ్ళు కాస్తారు. పచ్చికట్టె సరిగా అంటుకోక పొగంతా మా వరండాలోకి వస్తుంది. మా ఆవిడ తలుపులు మూసేస్తుంది. నేను మాత్రం కాసేపు అక్కడే నిలబడతాను. ఆ వాసనకు నాకు రాజమల్లు సార్ గుర్తొస్తారు.

హైదరాబాద్‌లో ఎటు చూసినా అద్దాల మేడలు లేస్తున్న కాలమది. నా ఈడువాళ్ళంతా అటు పోతుంటే, నేను జహీరాబాద్ దగ్గరి మా ఊరి నుంచి ఎదురు దిక్కుకు వచ్చి, బీదర్ ధాన్యం బజారు గాంధీ గంజ్‌లో ఒక పప్పుల గోదాములో గుమాస్తాగా చేరాను. ఓడిపోయి వచ్చినట్టే ఉండేది. మా మేనేజరు రాజమల్లు సార్. బాగా పొడగరి, యాభై దాటిన మనిషి. సాయంత్రానికి ఆయన కనుబొమల మీద కందిపొట్టు దుమ్ము పేరుకుని ఉండేది. దీపావళి దాటగానే సెలవు పెట్టి, పడమటి కనుమల్లో ఏదో ఒక కొండ ఎక్కి రావడం ఆయనకున్న ఒకే ఒక సరదా. గంజ్‌లో అందరూ నవ్వేవారు.

"కొండ మీద ఏముంటది సార్?" అని నేనూ అడిగాను.

"ఏముండది. అందుకే పోత," అన్నారు.

మరుసటి ఏడు నన్నూ, లారీల పని చూసే ఇర్ఫాన్‌నూ వెంట తీసుకెళ్ళారు. దారిలో బస్సులో మోకాలు నిమురుకుంటూ, "డాక్టర్ ఇగ ఎక్కద్దన్నడు. ఇదొక్కటి ఎక్కి బంద్ చేస్త," అన్నారు. ఎన్నో ఏళ్ళుగా ఆ కొండను దూరం నుంచి చూస్తూ, చివరికని దాచుకున్నారట.

బస్సు దిగి సగం పూట నడిస్తే కొండ నడుమ ఒక చిన్న ఊరు. పది, పన్నెండు గడపలుంటాయేమో. రోడ్డు లేదు. మేం చేరేసరికి ఒక ఇంటి ముందు ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. తెల్లవారుజామున ఆ ఇంటి పెద్దాయన పోయాడు. మగవాళ్ళంతా చెరకు కోతకు దూరపు ఊళ్ళకు వెళ్ళారు. ఊళ్ళో నడవగలిగిన మగమనిషి చనిపోయినాయన తమ్ముడొక్కడే. పాడె సిద్ధంగా ఉంది, మోసే భుజాలు లేవు. దహనం చేసే వాగు ఒడ్డు చాలా కింద ఉంది.

నేను శిఖరం వైపు చూశాను. మబ్బు లేదు. మాకున్నది ఆ ఒక్కరోజే. "సార్, పక్కనుంచి పోదాం. మనం ఎవరం వాళ్ళకు?" అన్నాను.

ఆయన కోప్పడలేదు. "నువ్వు పో బిడ్డా, వాతావరణం మంచిగుంది. నేను ఆగుత," అని సంచి దించారు.

నేను వెళ్ళలేదు. మంచితనం వల్ల కాదు, ఆయన్ను వదిలి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు, అంతే.

సార్ నేరుగా వెళ్ళి పాడె పట్టుకుంటారనుకున్నాను. కానీ చనిపోయినాయన కూతురి ముందు చేతులు కట్టుకుని నిలబడి, గంజ్ వ్యాపారుల దగ్గర నేర్చుకున్న మరాఠీలో అడిగారు: "మేం పరాయివాళ్ళం. మీ నాయనను మేం ముట్టుకోవచ్చా?"

ఆమె లోపలికి వెళ్ళి తల్లితో మాట్లాడింది. అంతసేపూ ఆయన కదల్లేదు. ఆమె వచ్చి మా పేర్లు అడిగింది. ఇర్ఫాన్ తన పేరు చెప్పి, వెనక్కి జరగబోయాడు. "మీ భుజం కూడా కావాలి," అందామె.

దిగుడు దారిలో బరువంతా ముందువాళ్ళ మీద పడుతుంది. సార్, ఇర్ఫాన్ ముందు పట్టారు. వెనక నేను, ఆ తమ్ముడు. రాళ్ళ మీద సార్ మోకాలు వణకడం నాకు వెనకనుంచి కనిపిస్తూనే ఉంది. మార్చుకుందామన్నాను. "మాట్లాడకు, అడుగు చూసుకో," అన్నారు. వాగు ఒడ్డున కట్టెలు తడిగా ఉండి ఎంతకూ అంటుకోలేదు. ఆ పొగలో కళ్ళు తుడుచుకుంటూ పొద్దు వాలేదాకా కూర్చున్నాం. స్నానం చేసి పైకి వచ్చాక ఆ ఇంటి పక్కవాళ్ళు పాలులేని చాయ్ ఇచ్చారు. అప్పటికి ఆయన మోకాలు వాచిపోయింది. మర్నాడు ఆ ఊరివాళ్ళ కర్ర సాయంతో కొండ దిగారు. తర్వాత ఏ కొండా ఎక్కలేదు.

కొన్నేళ్ళకు నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు అడిగాను, "ఆ కొండ ఎక్కలేదని బాధ లేదా సార్?"

"ఉంటది. ఎందుకుండదు?" అన్నారు. "కని ఆ బిడ్డ లోపటికి పోయి తల్లిని అడిగొచ్చింది చూడు, గంతసేపు నాకు మస్తు భయమైంది. వద్దంటదేమోనని," అన్నారు.

ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. సాయం చేయబోయేవాడికీ భయం ఉండాలని, వద్దనే హక్కు సాయం అందుకునేవాళ్ళదేనని అంతవరకు నాకు తట్టలేదు. సార్ ఇప్పుడు లేరు. నేను హైదరాబాద్‌లో కొన్నాళ్ళు చేసి, నా ఇష్టంతోనే బీదర్ తిరిగి వచ్చాను. ఏటా కొందరు కుర్రవాళ్ళతో కొండలకు పోతాను. ఏ ఊరు చేరినా ముందు సంచులు దించి, "ఊరంతా బాగున్నారా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగుతాను. పోయినేడు ఒక ముసలామె, "మా మనవరాలి పెళ్ళి, కూర్చోండి," అంది. ఆ రోజంతా అక్కడ వడ్డిస్తూ ఉండిపోయాం. కొండ ఎక్కలేదు.